చెన్నైలో సవర మాటల రికార్డింగు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు వెంబడి లేస్తున్న అపార్ట్‌మెంట్లలో శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వచ్చిన కూలీలు చాలామంది కనిపిస్తారు. అందరితో తెలుగు, మేస్త్రీతో నాలుగు ముక్కలు తమిళం మాట్లాడతారు. రాత్రి షెడ్డుకి చేరాక కొందరి నోట వేరే భాష వస్తుంది. అది సవర. మేం నలుగురం, ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లం, మూడేళ్లుగా ఆదివారాలు వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాటలు రికార్డు చేస్తున్నాం. మా నలుగురిలో భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లు ఒక్కరే, అది నేను కాదు. చుట్టాలు, ఆఫీసువాళ్లు, మాతో చేరాలనుకునేవాళ్లు అడిగేవి ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

సవర తెలుగులో ఒక యాసే కదా?

కాదు. తెలుగు, తమిళం, కువి, కోయ, గోండి ఇవన్నీ ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానికి చెందింది. సంతాలీ, ముండారీ, హో, ఖరియా దాని బంధువులు. ఆ ముండా కుటుంబం కూడా ఆస్ట్రో ఏషియాటిక్ అనే ఇంకా పెద్ద వంశంలో ఒక శాఖ. అంటే సవరకు దూరపు చుట్టాలు మేఘాలయలో ఖాసీ, కంబోడియాలో ఖ్మేర్, ఇంకా వియత్నామీస్. కంటిని సంతాలీలో మెత్ అంటారు, వియత్నామీస్‌లో మత్ అంటారు. శ్రీకాకుళం కొండమీద ఉన్న అవ్వకీ హనోయ్‌లో ఉన్న అవ్వకీ భాషలో చుట్టరికం ఉందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

పొరుగు మాత్రం మనదే. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పేరు, సవరల పూర్వీకులని చెప్పే శబరుల పేరు ఒకే వరుసలో వస్తాయి. అంత పాత పొరుగువాళ్ల భాషలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం మనలో ఎంతమందికి వచ్చు? నాకూ మూడేళ్ల క్రితం రాదు.

ఇంకో చిక్కు చెప్పాలి. తెగ పేరు చూసి భాష ఏదో అనేసుకోకూడదు. గదబలలో ఒక వర్గం మాట్లాడే గుతోబ్ ముండా భాష, ఇంకో వర్గం మాట్లాడే ఒల్లారి ద్రావిడ భాష. జనగణనలో రెండూ 'గదబ' అన్న ఒకే పేరు కింద కలిసిపోతాయి.

ఎంతమంది మాట్లాడతారు? అంతరించిపోతోందా?

2011 జనగణనలో సవర మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 4 లక్షల పైచిలుకు. ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాలు, మన వైపు సీతంపేట, కురుపాం, పాతపట్నం కొండలు, ఇంకా ఎప్పుడో అస్సాం తేయాకు తోటలకు వెళ్లినవాళ్ల కుటుంబాలు. కాబట్టి రేపే పోయే భాష కాదు. దీని అక్కచెల్లెళ్ల పరిస్థితి వేరు. సవరకు అన్నిటికంటే దగ్గరిదైన గోరుమ్, అంటే మనవాళ్లు పరెంగి అనేది, ఇప్పుడు ముసలివాళ్ల నోళ్లలోనే మిగిలింది. వాళ్ల పిల్లలు దేశియా అనే అక్కడి ఒడియా యాసకు మారిపోయారు. సంతాలీ మాట్లాడేవాళ్లు 70 లక్షలకు పైనే, అది 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోకి ఎక్కింది కూడా. ఒకే కుటుంబంలో అన్ని రకాల బతుకులూ ఉన్నాయి.

తలల లెక్క చూసి ధైర్యపడడం నాకు ఇష్టం లేదు. మా సైటులో పాతికేళ్ల కుర్రాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ సవరలో అడుగుతుంది, వీళ్లు తెలుగులో జవాబిస్తారు. జనగణన ఫారంలో ఇద్దరూ సవరే.

లిపి లేని భాష కదా, దాన్ని రాయడం ఎందుకు?

లిపి లేదని ఎవరు చెప్పారు? 1936లో మంగేయి గొమాంగో సవరకు ప్రత్యేకంగా సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారు చేశారు. 2012లో అది యూనికోడ్‌లో కూడా చేరింది. అది కాక ఒడిశాలో ఒడియా లిపి, క్రైస్తవ సంఘాల్లో రోమన్ లిపి, మన రాష్ట్రంలో బడి పుస్తకాలకు తెలుగు లిపి వాడుతున్నారు. లిపి లేకపోవడం సవర బాధ కాదు, నాలుగు ఉండి ఒకరు రాసింది ఒకరు చదవలేకపోవడం బాధ.

తెలుగు లిపిలో రాస్తే సరిపోదా? మనది శాస్త్రీయమైన లిపి కదా!

కొంతవరకు చాలా బాగా సరిపోతుంది. చిన్నప్పుడు పలక మీద దిద్ది, మళ్లీ జీవితంలో వాడని ఙ, ఞ ఉన్నాయి చూడండి, ఆ రెండూ సవర రాస్తే రోజూ పనికొస్తాయి. ఞతో మొదలయ్యే మాటలున్నాయి, ఙతో ముగిసేవీ ఉన్నాయి. మొదటిసారి ఞ రాయాల్సి వచ్చినప్పుడు దాని రూపం మర్చిపోయి ఫోన్‌లో వెతుక్కున్నాను.

ఇబ్బంది రెండు చోట్ల. మొదటిది, గొంతు ఒక్క క్షణం బిగించి వదిలే శబ్దం. దానికి మనకు అక్షరం లేదు. రెండోది మన చెవి. తెలుగు అచ్చుతో ముగిసే భాష. బస్సు, కారు, రైలు అని ఇంగ్లీషు మాటకు కూడా తోక తగిలిస్తాం. సవరలో మాట చివర బ్, డ్, గ్ వస్తే నోరు మూసుకునే దగ్గరే శబ్దం ఆగిపోతుంది, బయటికి పేలదు. మనకు అది సరిగా వినపడదు, వినపడిన దానికి ఒక 'ఉ' కలిపి రాసేస్తాం. నా మొదటి నోటుబుక్కు నిండా అలాంటి తోకలే. మా భాషాశాస్త్రం అమ్మాయి ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే ఎక్కాల పుస్తకం దిద్దించుకున్నట్టే అనిపించింది.

వ్యాకరణం అంత కష్టమా? ఒక్క ఉదాహరణ చెప్పండి.

ఒక్కటే చెప్పమంటే గిడుగు వెంకట రామమూర్తి గారు 1931లో తన సవర వ్యాకరణంలో ఇచ్చిన మాట చెప్తాను: ఞమ్‌కిడ్‌తమ్. పులి నిన్ను పట్టుకుంటుంది అని అర్థం. మనకు మూడు మాటలు, వాళ్లకు ఒకటి.

విప్పి చూద్దాం. ఞమ్ అంటే పట్టుకోవడం. కిడ్ అంటే పులి. త్ అన్నది ఇది జరిగిపోయిన సంగతి కాదని చెబుతుంది. చివరి అమ్ అంటే నిన్ను. తెలుగు క్రియ చివర చూస్తే పట్టుకునేది ఎవరో తెలుస్తుంది, దొరికిపోయేది ఎవరో తెలియదు. 'పట్టుకుంటుంది' అంటే ఎవర్ని అని అడగాలి. సవర క్రియ ఆ 'ఎవర్ని' కూడా తనలోనే పెట్టుకుంటుంది.

ఇక పులి సంగతి. పులి ఏది అని విడిగా అడిగితే కినా అంటారు, కిడ్ అనరు. క్రియ లోపలికి దూరేటప్పుడే అది కిడ్ అవుతుంది. ఇలా చాలా పేర్లకు రెండు రూపాలుంటాయి. గేదె బొఙ్‌తెల్, లోపల బొఙ్. పంది కంబున్, లోపల బున్. కుక్క కన్‌సోడ్, లోపల సోడ్. విడిగా నిలబడే మాటకు కొంత నిడివి ఉండాలి, లోపల దాక్కునే మాటకు ఆ అవసరం లేదు అని ముండా భాషల మీద పనిచేసినవాళ్లు దీన్ని వివరిస్తారు.

తెలుగులో దీని నీడ ఉంది. చేపట్టాడు, చేజారింది అంటాం. చేయి అన్న మాట అక్కడ చే అయిపోయింది. కాని మనకు పేరు ముందు వస్తుంది, క్రియ తర్వాత. సవరలో క్రియ ముందు, పేరు దాని వెనక, ఆపైన కాలం. తమాషా ఏమిటంటే మామూలు సవర వాక్యంలో క్రియ మన వాక్యంలో లాగే చివరికే వస్తుంది. ఖ్మేర్, వియత్నామీస్‌లలో కర్మ క్రియ తర్వాత వస్తుంది. ద్రావిడ భాషల పొరుగున ఉండి ముండా వాక్యం తిరగబడిందని, మాట లోపల మాత్రం పాత వరుస మిగిలిపోయిందని కొందరి అభిప్రాయం. ఇల్లంతా కొత్తగా కట్టి దేవుడి గదిని కదపకుండా వదిలేసినట్టు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. ప్రపంచంలో క్రియలోకి పేరును కలుపుకునే భాషలు చాలానే ఉన్నాయి. వాటిలో సాధారణంగా లోపలికి వెళ్లేది కర్మ. చేపలు పట్టాడు అంటే చేప వెళ్తుంది. ఇక్కడ లోపలికి వెళ్లింది పట్టుకునే పులి, అంటే కర్త. ఇది చాలా అరుదు. అందుకే ఈ చిన్న మాట ఎక్కడెక్కడి భాషాశాస్త్ర చర్చల్లోకో వెళ్లింది.

మిగతా ముండా భాషల్లో కూడా ఇంతేనా?

ఒక్కోదానికి ఒక్కో పిచ్చి. ముండారీలో దుబ్ అంటే కూర్చోవడం. దాని పొట్టలో ఒక 'న' దూర్చి దునుబ్ అంటే సమావేశం. సంతాలీలో దల్ అంటే కొట్టడం, దపల్ అంటే ఒకరినొకరు కొట్టుకోవడం. ముందో వెనకో తగిలించడం మనకు అలవాటే, మాట మధ్యలో చీల్చి దూర్చడం కాదు.

మనం, మేము అన్న తేడా మనకుందని తెలుగువాళ్లకు గర్వం. తమిళానికీ ఉందనుకోండి. ముండారీలో ఇద్దరే ఉంటే మళ్లీ వేరు. నువ్వూ నేనూ అయితే అలఙ్, నేనూ ఇంకొకరూ నువ్వు కాకుండా అయితే అలిఙ్, మనమంతా అయితే అబు, మేమంతా అయితే అలె.

గూగుల్ ఫారంలో మాటల జాబితా పెట్టి నింపించుకోవచ్చు కదా, ఇంత శ్రమ ఎందుకు?

మేమూ అలాగే మొదలుపెట్టాం. ఆరు నెలలు చెయ్యి, కాలు, నీళ్లు, నిప్పు అంటూ ఆరు వందల మాటలు పోగుచేశాం. ఎక్సెల్‌లో వరసలు చూసుకుని మురిసిపోయాం. అందులో కినా ఉంది, కంబున్ ఉంది. కిడ్ లేదు, బున్ లేదు. ఉండవు కూడా, ఎందుకంటే ఆ రూపాలు విడిగా ఎవరూ పలకరు. జాబితా ఎంత పెద్దదైనా ఈ భాషలో సగం దాని వలలో పడదు.

సరే, వాక్యాలు అడుగుదాం అనుకున్నాం. "పులి నిన్ను పట్టుకుంటుంది, దీన్ని సవరలో ఏమంటారు?" అని అడిగితే పులి ముందు, నిన్ను తర్వాత, పట్టుకోవడం చివర పెట్టి, మన వాక్యానికి సవర చొక్కా తొడిగి ఇచ్చారు. తప్పు వాక్యం కాదు, అలా కూడా అనొచ్చు. కాని ఇంట్లో అలా అనరు. నాలుగో వారం సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన విసుగుపడ్డాడు. "మీరు తెలుగులో అడుగుతుంటే మేం తెలుగులాగే చెప్తన్నాం బాబూ. మమ్మల్ని మాటాడుకోనియ్యండి" అన్నాడు.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. ప్రశ్నలు తగ్గించాం. ఇద్దరిని కూర్చోబెడతాం. వరి కోతలు, పోడు, పెళ్లి గొడవ, చిన్నప్పుడు అడవిలో తప్పిపోయిన కథ, ఏదైనా సరే, వాళ్లు వాళ్లతోనే మాట్లాడుకోవాలి. ఆ తర్వాత వారం అదే రికార్డింగు వినిపించి, ఈ ముక్కకు అర్థం ఏమిటి, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడుగుతాం. ఇరవై నిమిషాల మాటకు ఒక నెల పడుతోంది. తిట్లు, బెదిరింపులు, పిల్లల్ని బుజ్జగించడం, వీటిలోనే వ్యాకరణం ఎక్కువ దొరుకుతుందని నా అనుభవం. ఒక తండ్రి ఫోన్‌లో కొడుకును కోప్పడుతూ అన్న రెండు మాటల్లో మా ఆరు వందల మాటలకంటే ఎక్కువ సరుకుంది. అది రికార్డు చేయలేదు, చేయకూడదు కూడా. ఆయన్ని తర్వాత అడిగి, నవ్వుతూ మళ్లీ చెప్పించుకున్నాం.

అంకెలు కూడా వేరేనా?

వేరే అంటే మామూలు వేరే కాదు. అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొల్లోయ్, తుడ్రు, గుల్జి, తంజి, తింజి, గల్జి అని పది వస్తుంది. పదకొండు గల్ముయ్, పన్నెండు మిగ్గల్. మనం పదమూడుకు పది దగ్గరికి వెనక్కి వెళ్తాం, వాళ్లు పన్నెండు మీదే ఒకటి కలిపి మిగ్గల్‌బోయ్ అంటారు. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర కొత్త మెట్టు. ముప్పై తొమ్మిది చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఏడు. పన్నెండునూ ఇరవైనూ కలిపి వాడే లెక్క ప్రపంచంలో బహు తక్కువ. ఉచ్చారణ ఊరిని బట్టి కొంచెం మారుతుంది, నేను రాసిన అక్షరాలను పట్టుకుని ఎవరితోనూ వాదించకండి.

కూలి డబ్బు మాత్రం అందరూ తెలుగులోనే లెక్కపెడతారు. ఫోన్‌పే సవర మాట్లాడదు కదా. పన్నెండు దాటాక సవరలో చెప్పగలిగినవాళ్లు మా సైటులో ముగ్గురే, ముగ్గురూ యాభై దాటినవాళ్లు.

గిడుగు వారు ఎప్పుడో చేసేశారు కదా, మళ్లీ మీరెందుకు?

ఈ ప్రశ్న తెలుగువాళ్లే అడుగుతారు, అడిగినందుకు సంతోషం కూడా. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు ఆయన ఫొటోకు దండ వేస్తాం, వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలిస్తాం. సవర ఊసు ఒక్క ముక్కలో తేల్చేస్తాం. పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేస్తూ, సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో పెట్టుకుని నేర్చుకుని, కొండల్లో తిరిగి, మలేరియాకు క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. వినికిడి పోయినవాడు ఆ గొంతు బిగింపులన్నీ గుర్తుపెట్టుకుని రాశాడంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో, రెండూ ఈ ఊళ్లోనే, మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. వాడుక భాష మీద ఆయన పట్టుదలకు సవర పనే పునాది అని నేను నమ్ముతాను. పుస్తకంలో ఉన్న భాష వేరు, మనిషి నోట ఉన్న భాష వేరు అన్నది పుస్తకాలు లేని భాష దగ్గరే బాగా అర్థమవుతుంది.

మళ్లీ ఎందుకంటే, ఆయన కాగితం మీద రాయగలిగారు, గొంతులు ఉంచలేకపోయారు. పైగా తొంభై ఏళ్లయింది. ఆయన పుస్తకంలోని మాటలు కొన్ని మా పెద్దాయన చదివించుకుని విని, "ఇది మా తాత అనేవాడు" అంటాడు. కొన్నిటికి "ఇది మాది కాదు, పైకొండవాళ్లది" అంటాడు.

ఏ పరికరాలు కావాలి? ఫోన్ చాలదా?

చాలదనే నా సలహా. మొదటి ఏడాది ఫోన్‌తోనే చేశాం. దానిలో రొద తగ్గించే సదుపాయం ఒకటి తనంతట తానే పనిచేస్తూ, కాంక్రీటు మిక్సర్ చప్పుడుతో పాటు మాట చివరి బ్, డ్, గ్‌లను కూడా తుడిచేసింది. తెలుసుకునేసరికి పదకొండు గంటల రికార్డింగు పోయింది. ఫోనే దిక్కయితే ఆ సదుపాయం ఆపేసి, శబ్దాన్ని కుదించకుండా డబ్ల్యూఏవీ పద్ధతిలో దాచే యాప్ పెట్టుకోండి, కాలర్‌కు తగిలించే వైరు మైకు కొనండి. ఎంపీత్రీ వద్దు. మాటను ముక్కలు చేసి రాసుకోవడానికి ఈలాన్, నిఘంటువు కట్టడానికి ఫ్లెక్స్, శబ్దాన్ని గీతల్లో చూడడానికి ప్రాట్ వాడుతున్నాం. మూడూ ఉచితం. మూడూ మొదట్లో ఏడిపిస్తాయి.

మాట్లాడినవాళ్లకు డబ్బులిస్తారా?

ఇస్తాం. ఆదివారం ఓవర్‌టైమ్ వదులుకుని మాకోసం కూర్చుంటారు, ఆ గంటలకు ఆ కూలీ ఇస్తాం. డబ్బిస్తే సేవ చెడిపోతుంది అన్నవాళ్లు మనకు జీతం లేకుండా ఒక నెల పనిచేసి చూపాలి.

రికార్డింగులు ఎవరివి? నెట్‌లో పెడతారా?

మాట్లాడినవాళ్లవి. ప్రతి ఒక్కరికీ వాళ్ల రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. బయటపెట్టేముందు మొత్తం వినిపించి అడుగుతాం. కొన్నిటికి వద్దన్నారు. సవరల్లో చనిపోయినవాళ్లు పూజారిణి నోట ఇంటివాళ్లతో మాట్లాడే ఆచారం ఉంది, ఏడుపు, తగువు, బుజ్జగింపు అన్నీ ఉంటాయి అందులో. భాష కోసం అంతకంటే గొప్ప సంభాషణ దొరకదు. చాలా ఊళ్లలో అది తగ్గిపోతోంది కూడా. అయినా చెన్నై షెడ్డులో ఒకాయన్ని నటించి చూపమని అడగడం అమర్యాద. మేం ఆ జోలికి వెళ్లం.

ఏఐ ఉంది కదా, అదే నేర్చుకుంటుంది కదా?

నేర్చుకోవడానికి దానికీ ఎవరో మాట్లాడింది కావాలి. ఆ మాట్లాడింది తెలుగు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులే అయితే, అది మాట్లాడేదీ చొక్కా మార్చిన తెలుగే.

నేనూ రావచ్చా? సవర రావాలా?

రావచ్చు, భాష రానక్కర్లేదు. ఉత్తరాంధ్ర తెలుగు అర్థమైతే మేలు. ఏటి, ఎక్కడికెల్తన్నారు అంటే నవ్వేవాళ్లు దయచేసి రావద్దు. అక్కడ ఏసీ ఉండదు, ఫ్యాను రికార్డింగు కోసం మేమే ఆపేస్తాం, మే నెలలో తువ్వాలు తెచ్చుకోండి. మొదటి రెండు ఆదివారాలు నోటుబుక్కు తీయనివ్వం, టీలు అందించడమే పని. మూడో ఆదివారం ఎవరైనా మిమ్మల్ని సవరలో ఆటపట్టిస్తే, అదేమిటో అడిగి, తోక తగిలించకుండా రాసుకు రండి.